వరద బండికి వైర్‌లెస్ కావాలి
1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది. ఇలాంటి విపత్తుల్లో రోజుల తరబడి కరెంటు లేకపోతే సెల్‌టవర్లూ మూగబోతాయి. అందుకే వరద విధులకు వెళ్లే ప్రతి ఫోర్‌వీల్ డ్రైవ్ జీపులోనూ వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్ ఉండాలంటాను. అదీ సరిగ్గా బిగించాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌ను నమ్ముకోకుండా, ఫ్యూజు వేసి నేరుగా బ్యాటరీ నుంచే కరెంటు తీయాలి. యాంటెనాను బంపర్ మూలన పెడితే సిగ్నల్ అన్ని వైపులకూ సమానంగా పోదు. ఇనుప టాప్ నడిమధ్యన నిలబెట్టాలి. మన డెల్టా చదును నేల, యాంటెనా ఎత్తు పెరిగేకొద్దీ మాట దూరం వెళుతుంది. సెట్‌ను మాత్రం కాళ్ల దగ్గర కాదు, నీళ్లు అందనంత ఎత్తున బిగించండి. అధికారులారా, లైసెన్సులు, బిగింపులు తుపాన్ల కాలానికి ముందే పూర్తిచేయించండి.