లవం చూపిస్తారు, హారం దాస్తారు

మే, జూన్ నెలల్లో తెలుగు పత్రిక ఏది తెరిచినా మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు ఫొటోలే. ఒక్కో ముఖం కింద ఒక్కో ర్యాంకు. ఒకటి, రెండు, నాలుగు, ఏడు. ఆ పేజీలో ఎంత వెతికినా ఒక్క అంకె మాత్రం దొరకదు: ఆ ఏడాది ఆ కాలేజీల్లో చేరిన పిల్లలు మొత్తం ఎంతమంది? హారం లేని భిన్నానికి ఆరో తరగతి లెక్కల మాస్టారు కూడా మార్కు వేయడు. మన తల్లిదండ్రులు మాత్రం ఆ సగం లెక్కను నమ్మి, పొలం తాకట్టు పెట్టి ఫీజు కడుతున్నారు.

కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఒత్తిడి గురించి అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. నేను సెక్షన్ గురించి మాట్లాడతాను. ఎందుకంటే ఆ ఒత్తిడి పుట్టేది అక్కడే.

పదో తరగతి పరీక్షలు పూర్తికాకముందే పీఆర్వోలు ఊళ్లలోకి దిగుతారు. పిల్లవాడు స్కూలు ఫస్టయితే ఫీజులో రాయితీ. జిల్లా స్థాయిలో మార్కులొస్తే సీటు, హాస్టలు రెండూ ఉచితం. మామూలు పిల్లవాడైతే పూర్తి ఫీజు, అదీ ఏడాదికి లక్షల్లో. చేరగానే స్క్రీనింగ్ టెస్టు పెట్టి పిల్లల్ని విడదీస్తారు. పై సెక్షన్‌కు సూపర్ అనో స్టార్ అనో ఒక పేరు. పేరున్న లెక్చరర్లు అక్కడికే వెళ్తారు. మెటీరియల్ వేరు, టైంటేబుల్ వేరు, రాత్రి స్టడీ అవర్‌లో డౌట్లు తీర్చే మనిషి కూడా వాళ్లకే. చివరి సెక్షన్‌కు మిగిలేది నిన్నగాక మొన్న పీజీ పూర్తిచేసిన కుర్ర లెక్చరర్. వంద మందికి వినబడేలా అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాడు పాపం. ఇప్పుడు లెక్క చూడండి. పూర్తి ఫీజు కట్టిన వాడి బిడ్డ చివరి సెక్షన్లో ఉన్నాడు. ఫీజు లేకుండా తెచ్చుకున్న బిడ్డ మొదటి సెక్షన్లో ఉన్నాడు. ఆ తండ్రి డబ్బుతో ఇతని ర్యాంకు తయారవుతోంది, ఆ ర్యాంకు చూపించి మళ్లీ వెయ్యిమంది తండ్రుల దగ్గర ఫీజు వసూలు చేస్తున్నారు. దీన్ని నేను మోసం అంటాను. ఇంకో మాట దొరకలేదు.

పిల్లల స్థాయిని బట్టి పాఠం చెప్పాలి కదా అని యాజమాన్యాలు వాదిస్తాయి. సరే, ఒప్పుకుందాం. వెనకబడ్డ పిల్లవాడికే కదా మంచి లెక్చరర్ కావాలి? వాడి క్లాసే కదా చిన్నదిగా ఉండాలి? స్థాయిని బట్టి బోధన అన్నమాట నిజమే అయితే మీ సీనియర్ ఫిజిక్స్ లెక్చరర్‌ని రేపటి నుంచి చివరి సెక్షన్‌కు పంపండి. పంపరు. పత్రికలో ఫొటో వేయించుకోవడానికి ఆ సెక్షన్ పనికిరాదని వాళ్ల లెక్క.

ఇక అక్కడి బతుకు సంగతి. తెల్లవారుజామున విజిల్ వేసి లేపుతారు, రాత్రి పదిన్నర దాకా కుర్చీలోంచి కదలనివ్వరు. ఈ గంటల్ని పిల్లలు ఎలాగో ఓర్చుకుంటారు. వాళ్లను విరిచేసేది వారాంతపు పరీక్ష. మార్కులు తగ్గితే సెక్షన్ దించుతారు. నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితురాలు లేదు, ఆ క్లాసు లేదు, కొన్నిచోట్ల ఆ బిల్డింగే మారిపోతుంది. మెస్సులో కంచం పట్టుకుని నిలబడితే ఎవరు ఏ సెక్షనో అందరికీ తెలుసు. ఊళ్లో హైస్కూలు ఫస్టొచ్చి, ప్రార్థన సమయంలో చప్పట్లు కొట్టించుకున్న అమ్మాయి, దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి తనకు బుర్ర లేదని నమ్మి ఉంటుంది. పదహారేళ్ల పిల్లకు ఆ నమ్మకం ఎవరు నేర్పారు? ఆదివారం ఫోన్లో అమ్మ కూడా "తిన్నావా తల్లీ" అన్న వెంటనే "ఏ సెక్షన్లో ఉన్నావే?" అని అడుగుతోంది. ఆ తల్లిని తప్పుపట్టను. ఆమెకు నేర్పిన భాష అదే.

చదువన్నా దక్కుతోందా అంటే అదీ లేదు. ప్రాక్టికల్స్ దగ్గరపడితే తప్ప ల్యాబు తాళం తీయని కాలేజీలు ఎన్నో. మార్కులు తేలిగ్గా వస్తాయని తెలుగు మాన్పించి సంస్కృతం పట్టిస్తారు. ఆటస్థలం మాటే ఎత్తొద్దు.

2025లో జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైనే. ఐఐటీలన్నీ కలిపి ఉన్న సీట్లు 18 వేల పైచిలుకు. ఈ రెండు అంకెలూ పీఆర్వోకు తెలుసు, డీన్‌కు తెలుసు. తెలిసీ ప్రతి ఇంట్లోనూ "మీవాడికి ఐఐటీ గ్యారంటీ అండీ" అనే అంటారు. నిజమే, రైతుకూలీల పిల్లలు ఈ కాలేజీల నుంచి ఐఐటీలకు వెళ్లారు. వాళ్లను చూసి నాకూ సంతోషమే. అయినా వాళ్ల పక్క బిల్డింగులో చదివినవాళ్లు ఏమయ్యారని అడగడం మానను.

ప్రభుత్వాలకు తెలియక కాదు. ఈ కాలేజీల్లో పిల్లల మీద ఒత్తిడిని పరిశీలించడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేశారు. అదే పనికి 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వేశారు. ఆ రెండో కమిటీ వేసిన మంత్రివర్గంలో నారాయణ విద్యాసంస్థల స్థాపకుడే మంత్రి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023 జూలైలో చనిపోయింది. ఆ మరణంపై ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడాడు. 2025 జూలై 25న ఆ కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయవద్దని, పిల్లల్ని పదిమందిలో అవమానించవద్దని అందులో స్పష్టంగా ఉంది. కాకపోతే "సాధ్యమైనంత వరకు" అన్న మాట కూడా ఉంది. ఆ సందు చాలు వీళ్లకు. సెక్షన్ పేరు మార్చేసి అదే పని చేస్తారు.

అందుకే నేను కోరేది చాలా చిన్నది, ఖర్చు లేనిది. ఇంటర్మీడియట్ బోర్డులు కాలేజీలకు అనుబంధ గుర్తింపు ఇస్తున్నాయి, దాన్ని పొడిగిస్తున్నాయి. ఏ హాల్‌టికెట్టు ఏ కాలేజీదో బోర్డు దగ్గర ఉంది. ఏ సెక్షన్‌కు ఏ లెక్చరర్ పాఠం చెప్పాడో కాలేజీ దగ్గర ఉంది. ఈ రెండూ కలిపి, ప్రతి క్యాంపస్‌లో ఎంతమంది చేరారు, మధ్యలో ఎంతమంది మానేశారు, సెక్షన్ల వారీగా ఫలితం ఏమిటి అన్నది ప్రకటించేదాకా గుర్తింపు పొడిగించకండి. విజేతల ఫొటోలు వాడాలంటే వాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలని, వాళ్లు చదివిన కోర్సేమిటో చెప్పాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులోనే కోచింగ్ సంస్థలకు చెప్పింది. అక్కడి నుంచి ఇంకో అడుగు వేయడానికి కావలసింది ధైర్యమే.

బోర్డు వేయదేమో. అప్పుడు మీరు అడగండి. జూన్‌లో అడ్మిషన్ బల్ల ముందు కూర్చున్నప్పుడు గోడమీది ఫొటోలు చూడకండి. నిరుడు ఈ క్యాంపస్‌లో చివరి సెక్షన్లో ఎంతమంది ఉన్నారు, వాళ్లకు లెక్కలు ఎవరు చెప్పారు, వాళ్లిప్పుడు ఎక్కడ చదువుతున్నారు అని అడగండి. జవాబు కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వకపోతే ఆ డబ్బు జేబులోనే పెట్టుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేయండి.