చూసిన కూలీ ఎవరిస్తారు?

పోయిన నెల ఒక బడి సారు తన చిన్న పెట్రోల్ కారును దుబ్బాకలో నా షెడ్డు ముందు ఆపారు. ఇంజిన్ మాత్రం ఆపలేదు. "నువ్వే విను తమ్మీ" అన్నారు. విన్నాను. కాలు పెడల్ మీద లేకున్నా రేసు దానంతట అదే లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. మీటర్లో ముల్లు 1,000కీ 1,800కీ మధ్య ఊగుతోంది.

"పొద్దుగాల మంచిగనే ఉంటది. సిద్దిపేట దాకా పోయి ఆడ ఆపిన్ననుకో, గిట్ల మొదలువెడ్తది. పక్క బండోడు నేనే రేసు కొడుతున్ననుకొని గుర్రుగ చూస్తుండు."

సారు సంచిలోంచి బిల్లులు తీశారు. అప్పటికే మూడు షెడ్లు తిరిగారట. ఒకచోట ప్లగ్గులు, ఒకచోట ఐడిల్ వాల్వు, ఇంకోచోట థ్రాటిల్ సెన్సార్ మార్చారు. మొత్తం 11,400 రూపాయలు. ఆఖరున "కంప్యూటరే పోయింది" అన్నారట. అది మార్చాలంటే ఇంకో ఇరవై వేలు.

మూడు చోట్లా స్కానర్ పెట్టారు. మూడు చోట్లా ఒకటే కోడ్: పీ0507. నిలకడ మీద ఇంజిన్ తిరగాల్సిన దానికన్నా ఎక్కువ తిరుగుతోందని దాని అర్థం. ఆ సంగతి సారు చెవులకు ముందే తెలుసు. ఎందుకు తిరుగుతోందో ఆ కోడ్ చెప్పదు.

పెడల్ వదిలేసినా ఇంజిన్ ఆగిపోకుండా ఉండాలంటే కొంత గాలి కావాలి. థ్రాటిల్ మూత మూసుకున్నప్పుడు ఆ గాలిని పక్కదారిన పంపేదే ఐడిల్ వాల్వు. అది ఎంత తెరుచుకోవాలో కంప్యూటర్ చెబుతుంది. ఏసీ వేస్తే కొంచెం ఎక్కువ తెరుస్తుంది, ఇంజిన్ వేడెక్కాక తగ్గిస్తుంది. వేడెక్కిన చిన్న పెట్రోల్ ఇంజిన్ మామూలుగా నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరుగుతుంది. కొత్త కార్లలో విడిగా వాల్వు ఉండదు, థ్రాటిల్ మూతనే ఒక మోటారు కదిలిస్తుంది. లెక్క మాత్రం అదే.

స్కానర్‌లో కోడ్ పేజీ పక్కనపెట్టి లైవ్ డేటా తెరిచాను. ఇంజిన్ వేడి 88 డిగ్రీలు, సరిగానే ఉంది. థ్రాటిల్ మూసే ఉంది. ఐడిల్ వాల్వును కంప్యూటర్ మూయగలిగినంతా మూసేసింది. సగం పని అక్కడే అయిపోయింది. గాలి వచ్చే రెండు దారులూ మూసి ఉంటే ఇంజిన్ 1,800 దాకా ఎలా లేస్తుంది? ఎక్కడో దొంగదారి ఉంది. ఆ దారిన వచ్చిన గాలికి తగ్గట్టు కంప్యూటర్ పెట్రోల్ పోస్తుంది, వేగం పెరుగుతుంది. పెడల్ వదిలాక కూడా అంత వేగం కనిపిస్తే బండి దిగుడులో ఉందనుకుని పెట్రోల్ ఆపేస్తుంది, వేగం పడుతుంది. పడగానే మళ్లీ పోస్తుంది. ఊగుడంతా ఇదే. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి ఇంజిన్‌కు వేగాన్ని అదుపు చేసే గుండ్ల గవర్నర్ బిగించాడు. అలాంటి గవర్నర్లు కూడా ఇట్లాగే ఊగేవి. అవి ఎప్పుడు నిలకడగా ఉంటాయో, ఎప్పుడు ఉండవో తేల్చడానికి 1868లో శాస్త్రవేత్త మాక్స్‌వెల్ లెక్కలు కట్టి ఒక పత్రమే రాశాడు.

నా దగ్గర లెక్కలు లేవు, ప్లయర్ ఉంది. దాని మూతికి గుడ్డ చుట్టి రబ్బరు పైపులను ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి మేనిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ పైపు నొక్కగానే ముల్లు 800 దగ్గర నిలబడింది. తీసి చూస్తే వంపు అడుగున, పైనుంచి కంటికి ఆనని చోట, వేలిగోరంత చీలిక. చల్లగా ఉన్నప్పుడు మూసుకుంటుంది. వేడెక్కి రబ్బరు మెత్తబడితే నోరు తెరుస్తుంది.

కొత్త పైపు 120 రూపాయలు. నాకు పట్టింది గంటన్నర. మొత్తం 600 అడిగాను. సారు ముఖం మారింది. "పైపు 120 అంటివి. ఆరు వందలేంది తమ్మీ? నువ్వు మార్చింది పైపే గద!"

11,400కు కిక్కురుమనని మనిషి 480కి నొచ్చుకున్నారు. ఆయన్ని తప్పుపట్టను. పార్టు డబ్బాలో వస్తుంది, దాని మీద ధర ఉంటుంది, పాతది తీసి చేతిలో పెడతారు. చూసిన చూపుకు డబ్బా లేదు, ధర చీటీ లేదు. అందుకే మా లైన్లో చూసినందుకు ఎవరూ పైసలు ఇవ్వరు, మార్చినందుకే ఇస్తారు. అయినా మా పొట్ట గడవాలి కాబట్టి మా కూలీ పోయి పార్టు మీది మార్జిన్‌లో దాక్కుంది. కూలీ ఎక్కడుంటే కన్ను అక్కడికే పోతుంది.

ఈ మాట అనే హక్కు నాకు ఊరికే రాలేదు. ఆరేడేళ్ల కింద ఒక రైతు, బండి స్లోలో, అంటే పెడల్ వదిలితే, ఆగిపోతోందని తెచ్చాడు. ఐడిల్ వాల్వు మార్చాను. నాకు ఏడు వందలు మిగిలింది. వారానికే మళ్లీ వచ్చాడు. అప్పుడు థ్రాటిల్ బాడీ విప్పితే లోపల కాటుక పట్టినట్టు మసి. క్లీనర్ స్ప్రే, ఒక గుడ్డ, ఇరవై నిమిషాల పని. నేను తీసి పక్కన పడేసిన వాల్వు నిక్షేపంగా ఉంది. మసి సంగతి నాకు తెలియక కాదు. తుడిచినందుకు డబ్బు అడిగితే ఇవ్వడు, వాల్వుకైతే ఇస్తాడు అన్న లెక్క నా చేతిని అటు నడిపింది.

మా నాయిన నేతపని చేసేవాడు. గుంట మగ్గం మీద పడుగు పోగు తెగితే నాడె ఆపి, వందల పోగుల్లో తెగింది ఏదో వేళ్లతో వెతికి అతికేవాడు. ఆ వెతుకులాటకు విడిగా కూలీ లేదు. అయితే అతకనిదే బట్ట ముందుకు పోదు కాబట్టి ఆ పని ఎగ్గొట్టడానికీ వీలు లేదు. మా పనిలో ఆ పోగు వెతక్కుండానే మగ్గం కర్రలు మార్చి బిల్లు వేయొచ్చు.

నేను సిద్దిపేటలో పని నేర్చుకున్నప్పుడు కార్బురేటర్ బండ్లే ఎక్కువ. 1983లో మొదటి మారుతి 800 వచ్చింది, అదీ కార్బురేటర్ బండే. ఉస్తాద్ స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, "పైలే సున్, బాద్ మే పానా పకడ్" అనేవాడు. ముందు విను, తర్వాత పానా పట్టు. అప్పుడు స్లో సెట్ చేయడమంటే స్క్రూ తిప్పడమే. ఇప్పుడు ఆ పాత అలవాటుతో థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పితే రోగం దాక్కుంటుంది, పోదు. స్లో పాడవడానికి పైపు చీలిక ఒక్కటే కారణం కాదు. మసి కావచ్చు, ట్యాంకులోని పెట్రోల్ ఆవిర్లను ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు తెరుచుకునే ఉండిపోయి కావచ్చు, వేడి ఇంజిన్‌ను చల్లగా ఉందని చూపించే టెంపరేచర్ సెన్సార్ కావచ్చు. అరిగిన ఇంజిన్ మౌంటింగ్ వణుకును చూసి స్లో తప్పనుకునేవాళ్లూ ఉన్నారు. వీటిలో ఏదో తేల్చడానికి చెవితో పాటు కంపెనీ లెక్కలు కూడా కావాలి. ఈ ఇంజిన్‌కు ఇంత వేడిలో ఎంత గాలి ఉండాలో తెలియాలి.

ఆ లెక్కలు మాలాంటి రోడ్డు పక్క షెడ్లకు అందవు. విడిభాగాలను, రోగం పట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నాయని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత వ్యవహారం కోర్టుల మెట్లెక్కింది. రిపేర్ హక్కు పేరుతో కేంద్రం 2022 డిసెంబర్‌లో ఒక పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ఓటర్లు కార్ల రిపేర్ హక్కుకు ఓటు వేశారు. మనకూ పోర్టల్‌తో సరిపెట్టకుండా, ఆ సమాచారం ఇచ్చి తీరాలనే చట్టం కావాలి. మన రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. వాటిలో సాయంత్రం పూట మాకు నెల రోజుల క్లాసు పెట్టండి. కోడ్ చదవడం మాకు వచ్చు, లైవ్ డేటా చదవడం నేర్పండి.

బండి ఉన్నవాళ్లను అడిగేది ఒకటే. "ఏం మార్చాలె?" అని అడగకండి. "ఎట్ల కనిపెట్టినవ్?" అని అడగండి. జవాబు చెప్పలేనివాడికి పార్టు పైసలు ఇవ్వకండి. చెప్పగలిగినవాడికి, పార్టు ఏదీ మార్చకున్నా కూలీ ఇవ్వండి.

షెడ్డు గోడ మీద పెయింట్‌తో రాయించాను: చూసిన కూలీ 300, పార్టు మీద మార్జిన్ లేదు, బిల్లు చూపిస్తా. మొదటి వారం ఇద్దరు చదివి బండి వెనక్కి తిప్పుకున్నారు. ఒకాయన నవ్వి, "డాక్టర్ అయినవా ఏంది?" అన్నాడు. అయినా ఆ రాత చెరపలేదు. దాని కిందే మేకుకు సారు బండి పైపు వేలాడదీశాను. ఎవరైనా 300 ఎందుకని అడిగితే చేతికి ఇచ్చి, చీలిక ఎక్కడుందో చూపించమంటాను. వంచి చూస్తే తప్ప దొరకదు.