తీసేసే అధికారం ఎవరిది?

హవాయి దీవుల్లోని ఒక ఆసుపత్రిలో ఎదిగిన పిల్లలను చూసుకునే నర్సుకు, రోగిని పరీక్షించి వివరాలు నమోదు చేసిన ప్రతిసారీ కంప్యూటర్‌ తెరపై ‘బొడ్డుతాడు’ అనే గడి ఎదురయ్యేది. మీసాలు మొలుస్తున్న కుర్రాడి బొడ్డుతాడు గురించి ఏం రాస్తుంది? అది పురిటి బిడ్డల కోసం పెట్టిన గడి. నెల దాటిన వారి రికార్డుల్లో కనిపించకూడదు. కానీ కనిపిస్తూనే ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

2017 అక్టోబరులో అడిగారు. నాలుగు ఆసుపత్రులున్న హవాయి పసిఫిక్ హెల్త్ సంస్థ, రోజూ కంప్యూటర్లో నింపే వాటిలో పనికిమాలినవి ఏవో చెప్పండని సిబ్బంది అందరినీ కోరింది. ఆ కార్యక్రమానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘పిచ్చి పనులు వదిలించుకుందాం’ అన్న అర్థం వచ్చేదే. పెద్ద సంస్థలు ఇంత మొహమాటం లేని పేరు పెట్టుకోవడం అరుదు. సంస్థలో నాణ్యత విభాగానికి అధిపతిగా ఉన్న డాక్టర్ మెలిండా ఆష్టన్ ఆ అనుభవాన్ని 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. తమకు మూడు రకాల ఫిర్యాదులు రావచ్చని వాళ్లు ముందే అనుకున్నారు: అసలు ఉండకూడని నమోదులు, అవసరమైనవే అయినా ఇంకా తేలిగ్గా చేయదగ్గవి, అవసరమే గానీ ఎందుకో సిబ్బందికి తెలియనివి. మొదటి దాన్ని తీసేయాలి, రెండో దాన్ని సరిచేయాలి, మూడో దాన్ని విడమరిచి చెప్పాలి. ఈ విభజనలోనే సగం తెలివి ఉంది. ఎందుకంటే ఉద్యోగికి అర్థం కానిదల్లా అనవసరం కాదు. పైవారు అవసరమన్నదల్లా అవసరమూ కాదు.

గంటగంటకూ రోగి దగ్గరికి వెళ్లి వచ్చినట్టు నర్సులు కంప్యూటర్లో నొక్కాల్సిన మీటలను తీసేశారు. వెళ్లి చూడటం మానలేదు, నొక్కడమే మానారు. దాంతో నాలుగు ఆసుపత్రుల్లో కలిపి నెలకు సుమారు 1,700 నర్సు గంటలు మిగిలాయని ఆష్టన్ లెక్క. డాక్టర్ల తెరపై తరచూ మెరిసే పన్నెండు హెచ్చరికల్లో పదింటిని ఎత్తేశారు. కారణం, వాటిని ఎవరూ చదవడం లేదు. అత్యవసర విభాగం డాక్టరు ఒకరు, రోగికిచ్చే కాగితాన్ని కంప్యూటర్ నుంచి అచ్చు తీసి, సంతకం పెట్టించి, మళ్లీ కంప్యూటర్లోకే స్కాన్ చేయడం దేనికని అడిగారు. ఆరా తీస్తే కారణమేమీ దొరకలేదు. ఆ పనీ ఆగిపోయింది.

ఇందులో నన్ను ఆకర్షించినవి పెద్ద అంకెలు కావు, చిన్నవి. ఆష్టన్ ఆ వ్యాసం రాసేనాటికి నర్సుల నుంచి వచ్చినవి 188 సూచనలు. అమలైనవి 87.

దీని పక్కన మరో ప్రయత్నాన్ని పెట్టి చూడాలి. 2009లో ఒబామా ప్రభుత్వం ఖర్చు తగ్గించే ఉపాయాలు చెప్పమని అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులను ఆన్‌లైన్‌లో అడిగింది. కొద్ది వారాల్లోనే 38 వేలకు పైగా వచ్చిపడ్డాయి. తుది వడపోతలో నిలిచిన నాలుగింటిపై ప్రజలతో ఓటు వేయించారు. గెలిచిన ఉద్యోగికి అధ్యక్షుడిని కలిసే అవకాశం దక్కింది. గెలిచిన సూచన మంచిదే: మాజీ సైనికుల ఆసుపత్రిలో రోగి కోసం విప్పిన మందులను, అతను ఇంటికి వెళ్లేటప్పుడు పారేయకుండా అతనికే ఇచ్చి పంపడం. కానీ పోటీకి ఉండే గుణమే, ఒకరిని గెలిపించి మిగతావారిని ప్రేక్షకులుగా మార్చడం. తమ ఆఫీసులో రోజూ అరగంట తినేసే ఒక చిన్న ప్రొఫార్మా గురించి రాసిన గుమస్తా ఆ పోటీలో ఎన్నటికీ గెలవడు. అతని ప్రొఫార్మాకు ఓటేసే ప్రజలూ ఉండరు. పనిచేసే చోటును సరళం చేయడమంటే మాత్రం ఇలాంటి వేల ప్రొఫార్మాలను ఒక్కొక్కటిగా చించడమే.

పోర్టల్ పెట్టడం ఇప్పుడు ఒక మధ్యాహ్నం పని. గూగుల్ ఫారం చాలు. చిక్కు రెండు చోట్ల ఉంది. మొదటిది, ప్రశ్న. ‘మీ సూచనలు తెలపండి’ అంటే మనుషులు కలపమనే చెబుతారు. వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో నేచర్ పత్రికలో దీన్ని నిరూపించారు. ఒక విశ్వవిద్యాలయానికి కొత్తగా వస్తున్న అధ్యక్షుడు మార్పులు సూచించమని కోరితే, వచ్చినవాటిలో ఏదైనా తీసేయమన్నవి 11 శాతమేనని వాళ్లు లెక్కగట్టారు. తీసేయడం మేలని తెలియక కాదు, ఆ ఆలోచనే ముందుగా తట్టదు. తట్టేలా గుర్తుచేస్తే తడుతుంది. అందుకే హవాయి వాళ్ల ప్రశ్న పదునైనది. అది ఆలోచన అడగలేదు, పిచ్చి పనిని చూపించమంది.

రెండో చిక్కు, జవాబు. జనరల్ ఎలక్ట్రిక్‌లో 1980ల చివర కంపెనీ అధిపతి జాక్ వెల్చ్ ‘వర్క్ అవుట్’ అనే సమావేశాలు మొదలుపెట్టాడు. అప్పటికే ఆ కంపెనీ లక్ష మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంది. వెళ్లినవాళ్లు వెళ్లారు, వాళ్లు నింపే రిపోర్టులు మాత్రం మిగిలినవాళ్ల బల్లల మీదికి చేరాయి. సిబ్బంది తమలో తాము చర్చించుకుంటున్నంతసేపూ మేనేజరు బయటే ఉండాలి. తర్వాత లోపలికి వచ్చి ఒక్కో ప్రతిపాదనకూ అందరి ముందే చెప్పాలి: ఔను, కాదు, లేదా ఫలానా తేదీలోగా తేలుస్తాను. ‘పరిశీలిస్తాం’ అన్న నాలుగో జవాబు లేదు. వెల్చ్ పద్ధతులన్నీ మెచ్చుకోదగ్గవని నేననను గానీ, ఈ ఒక్క నియమాన్ని మన సచివాలయాలు అరువు తెచ్చుకోవచ్చు.

ఎందుకంటే మన దగ్గర ఫారం పుట్టడం చాలా తేలిక. ఎక్కడో ఒక సంఘటన జరుగుతుంది, అసెంబ్లీలోనో పత్రికలోనో ప్రశ్న వస్తుంది, పైనుంచి ఒక స్టేట్‌మెంట్ అడుగుతారు. వచ్చే నెల అది ‘ప్రతి నెలా’ అవుతుంది. అడిగిన అధికారి బదిలీ అయి వెళ్లిపోతాడు, స్టేట్‌మెంట్ ఉండిపోతుంది. చెప్పడానికేమీ లేకపోయినా ‘నిల్’ అని రాసి పంపాలి. ఆపమని ఆర్డరిచ్చే నాథుడు ఉండడు. ఆపితే రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందేమోనన్న భయం మాత్రం అందరికీ ఉంటుంది. వ్యాపారులను వేధించే నిబంధనల విషయంలో పార్లమెంటు 2023లో జన విశ్వాస్ చట్టం చేసి, 42 చట్టాల్లోని 183 నిబంధనలను ఒక్క దెబ్బకు సడలించింది. ప్రభుత్వం తన సొంత సిబ్బంది చేత నింపించే కాగితాల మీద అంతటి పట్టుదల నాకు కనబడదు.

పల్లెలో ఏఎన్ఎంను చూడండి. గర్భిణి వివరాలు రిజిస్టర్లో రాయాలి, పోర్టల్లో ఎక్కించాలి. బీపీ, షుగర్ సర్వేకు వేరే యాప్. అంగన్‌వాడీ టీచరుకు కేంద్రం 2021లో తెచ్చిన పోషణ్ ట్రాకర్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో బడిపంతుళ్లు పిల్లల హాజరుతో పాటు మరుగుదొడ్ల ఫొటోలు కూడా యాప్‌లో పెట్టిన రోజులున్నాయి. 2022లో ముఖ గుర్తింపు హాజరు వచ్చినప్పుడు వాళ్ల ఓపిక నశించి ఎదురుతిరిగారు. యాప్‌లన్నీ కలిపి ఒక్కటి చేస్తాం అన్నది ప్రభుత్వాలకు ఇష్టమైన జవాబు. పది యాప్‌లలోని గడులన్నీ ఒకే యాప్‌లోకి వచ్చి కూర్చుంటే తగ్గేది ఫోన్ తెర మీద బొమ్మలే. పంతులు వేలికి శ్రమ తగ్గదు.

వీళ్లను ఆన్‌లైన్‌లో అడిగితే చెబుతారా? చెప్పరు, మొదట్లో. రిజిస్టర్ దండగ అని రాస్తే, ఆ రిజిస్టర్ పెట్టించిన డిప్యూటీ డీఎంహెచ్ఓకే ఆ ముక్క చేరుతుందని ఏఎన్ఎంకు తెలుసు. కాంట్రాక్టు ఉద్యోగికి ఆ భయం రెట్టింపు. పేరు లేకుండా రాయనిస్తే ధైర్యం వస్తుంది గానీ, మరో ఇబ్బంది మొదలవుతుంది: ఏ గడి, ఏ తెర మీద అని తిరిగి అడగడానికి మనిషి దొరకదు. పేరు తీసుకుని, ఆమె పైఅధికారులకు తెలియనివ్వకుండా, జిల్లా ఆరోగ్య శాఖకు బయట ఉన్న ఒక చిన్న బృందం చేతిలో పెట్టడమే నాకు కనిపిస్తున్న దారి. ఆ బృందంలో సాఫ్ట్‌వేర్ మార్చగలిగినవాడు ఒకడు, ఆడిట్ తెలిసినవాడు ఒకడు తప్పనిసరి. మొదటివాడు లేకపోతే నిర్ణయం కాగితం మీదే ఆగిపోతుంది. రెండోవాడు లేకపోతే ఎవరూ సంతకం పెట్టరు. సూచనలు పంపే ఫారంలో రెండే గడులుండాలి: ఏది, ఎందుకు. కేడరు, మండలం, ఉద్యోగి గుర్తింపు సంఖ్య, సూచన రకం, ఉపరకం అంటూ మొదలుపెడితే తీసేయాల్సిన జాబితాలో మొదట చేరేది ఆ ఫారమే.

ఇక్కడ రాష్ట్రాలు చెప్పే సాకు ఒకటుంది, అందులో నిజమూ ఉంది. సగం పోర్టల్‌లు ఢిల్లీవి. వాటిలోని గడిని అమరావతి గానీ హైదరాబాద్ గానీ చెరపలేవు. కానీ ఢిల్లీ అడిగినదాన్నే మరో రూపంలో అడిగే రిజిస్టర్లు, వారానికోసారి వాట్సాప్‌లో పంపమనే ఎక్సెల్ షీట్లు, మండల సమావేశం కోసం చేతిరాతతో నింపే పట్టికలు రాష్ట్రంవే, జిల్లావే. వాటి జోలికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్క కేడరుతో, ఒక్క జిల్లాలో, ఏఎన్ఎంలతోనే మొదలుపెట్టి, వచ్చిన ప్రతి సూచనకూ ఔను, కాదు, ఫలానా తేదీ అన్న మూడింట్లో ఏదో ఒక జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలి. కాదన్నప్పుడు ఎందుకు కాదో ఒక్క వాక్యంలో చెప్పాలి. నూట ఎనభై సూచనలొచ్చి అందులో ఎనభై అమలైతే, రెండో విడతలో ఫోన్లు తీయడానికి వాళ్లను ఎవరూ బతిమాలక్కర్లేదు.