ఊదుకుని తినే వయసు

వేడివేడి నూడుల్స్ గిన్నె ముందు పెట్టుకుని ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ తినడం జపాన్ పిల్లలకు అలవాటైన ముచ్చటే. అలా ఊదుతుండగానే ఒక్కోసారి ఓ బిడ్డ చేతిలోంచి పుల్లలు జారిపోతాయి. మాట తడబడుతుంది. కాసేపటికి అంతా మామూలే. మౌతార్గాన్ వాయించినా, వెక్కివెక్కి ఏడ్చినా అదే వరస. మొయమొయ జబ్బు పిల్లల్లో తరచూ ఇలాగే బయటపడుతుంది.

జపాన్ వైద్యులు 1957లో దీన్ని తొలిసారి గుర్తించి రాశారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు పుర్రె లోపల చివరికంటా వెళ్లాక మెల్లగా సన్నబడిపోతాయి. పెద్ద కాలువ పూడుకుపోతే పక్కన పిల్లకాలువలు పడ్డట్టు, శరీరం తనంతట తానే సన్నటి నాళాలు అల్లుకుంటుంది. గట్టిగా ఊదినా, ఏడ్చినా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడులోని నాళాలు ముడుచుకుంటాయి. అందే కాస్త రక్తమూ ఇక చాలదు. పెద్దవాళ్లలో ఆ సన్న నాళాలు చిట్లి రక్తస్రావం కావడమూ ఉంది.

దీని గురించి చదివినప్పుడల్లా నా మనసు ఆ బిడ్డ తల్లి దగ్గరే ఆగిపోతుంది. కాసేపు ఏడ్చి వాడే ఊరుకుంటాడులే అనుకునే వీలు ఆమెకు లేదు. బొమ్మ కోసం మారాం చేసినా గుండె గుభేలుమంటుంది. గారం చేసి చెడగొడుతున్నావనే చుట్టాలకు ఏమని చెబుతుంది? అరుదే అయినా మన దేశంలోనూ ఈ పిల్లలున్నారు. దిష్టి తగిలిందేమోనని ఉప్పు తిప్పి పోస్తాం. చెయ్యి మళ్లీ ఆడుతోంది కదా అని ఊరట పడతాం. ఆ ఊరటలోనే విలువైన రోజులు గడిచిపోతాయి.

సన్నబడిన ధమనిని తిరిగి తెరిచే మందు ఇంకా రాలేదు. ఆస్పిరిన్ లాంటివి కొందరికి కొంత కాపు. అసలు ఆసరా ఆపరేషనే. చెవి ముందు, కణత దగ్గర వేలు ఆనిస్తే ఓ నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. తల చర్మానికి రక్తమిచ్చే ధమని అది. దాన్నే మైక్రోస్కోపు కింద మెదడు పైనున్న నాళానికి కుడతారు. పసివాళ్ల నాళాలు మరీ సన్నం కాబట్టి చాలాసార్లు కుట్టకుండా మెదడు మీద ఆనించి వదిలేస్తారు. కొన్ని నెలల్లో దాన్నుంచి కొత్త నాళాలు లోపలికి అల్లుకుంటాయి. తలచుకుంటే ఎంత ఆశ్చర్యమో! దారి చూపడమే వైద్యుడి వంతు, మిగతా పనంతా ఆ చిన్ని ఒంటిదే.

రక్తస్రావమైన పెద్దవాళ్లకూ ఇలా నాళాన్ని కుట్టే బైపాస్‌తో మళ్లీ చిట్లే ముప్పు తగ్గుతుందని జపాన్‌లో జరిగి 2014లో వెలువడిన అధ్యయనం సూచించింది.

పెద్ద పక్షవాతం రాకముందే ఆపరేషన్ జరిగితే ఎక్కువమంది పిల్లలు చక్కగానే ఎదుగుతారు. వచ్చాక పోయినదంతా తిరిగి రాదు. ఆ తర్వాతా స్కానింగులుంటాయి, రెండో వైపూ కనిపెట్టుకుని ఉండాలి, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. కొత్త నాళాలు అల్లుకునే ఆ నెలలే ఇంటిల్లిపాదికీ కష్టం. పలకరించడానికి వెళ్లినవాళ్లు బిడ్డను కాసేపు ఆడించి, ఆ తల్లిని ఓ గంట నిద్రపోనిస్తే అదే పదివేలు.