నూటికి ముప్పదితొమ్మిది

నూటికి 39 అను సంఖ్యకు మన శాసనసభల చరిత్రలో ఒక విచిత్రమైన జాతకము గలదు. 1955 ఫిబ్రవరిలో ఆంధ్రరాష్ట్రమున జరిగిన ఎన్నికలలో కాంగ్రెసునకు పోలైన ఓట్లలో దాదాపు 39 శాతము లభింపగా, 196 స్థానముల సభలో ఆ పక్షము తాను 119 గెలుచుకొని, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీలతో కూడి 146 మంది బలముతో పీఠమెక్కెను. 2019లో తెలుగుదేశమునకు వచ్చినది అదే 39. దక్కినవి 175లో 23. 2023లో తెలంగాణమున కాంగ్రెసునకు మరల 39. అచ్చట 119లో 64 స్థానములు, వానితో ప్రభుత్వము. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకును నూటికి 39 మంది ఓటు వేసిరి. సభలోనికి వెళ్ళినవారు పదునొకండుగురు. ఒకే రాశి, ఒకే నక్షత్రము. ఒకనికి సింహాసనము, మరియొకనికి వీధివాకిలి.

లెక్క తెలిసినవారు దీనిని వెంటనే ఆక్షేపింతురు. 1955లో కాంగ్రెసు అన్ని స్థానములకును పోటీ చేయలేదు, కొన్నిటిని మిత్రులకు విడిచినది, కూటమి మొత్తపు ఓట్లు సగమునకు దగ్గరగా నున్నవి; 2023లో తెలంగాణమున పోరు ముక్కోణమైనది; 2024లో ఆంధ్రప్రదేశమున ఒక పక్షము ఒంటరిగాను, మూడు పక్షములు కూటమిగాను నిలిచినవి. ఈ ఆక్షేపణ యంతయు సత్యమే. ఐనను నా సందేహము దీనితో తీరలేదు సరికదా, మరింత పెరిగినది. ఓటరు వేసిన ఓటు విలువ ఆ ఓటులో గాక, ఎదుటివారు తమలో తాము కలిసిరా విడిపోయిరా యనుదానిపై నాధారపడి యున్నచో, ఫలితములు వెలువడిన మరునాడు మనమందరమును అంత గంభీరముగా ఉచ్చరించు ‘ప్రజల తీర్పు’ అను మాటలో ప్రజల వంతు ఎంత?

1955 నాటి కథ మనవారు సగమే చెప్పుకొందురు. మద్యనిషేధ వివాదముపై ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము ఒకే యొక్క ఓటు తేడాతో కూలినది. రాష్ట్రము గవర్నరు పాలనలోనికి వెళ్ళినది. ఈమారు కమ్యూనిస్టుల రాజ్యము తథ్యమని కొందరు ఆశతోను, కొందరు భీతితోను ఎదురుచూచిరి. 1952లో ఉమ్మడి మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాలనుండి 41 మందిని పంపిన ఆ పక్షము, 1955లో మునుపటికంటె అధికముగా, నూటికి 31 ఓట్లు సంపాదించియు, 15 స్థానములకు దిగజారినది. దానిని కమ్యూనిజమునకు ఆంధ్రులు చెప్పిన సమాధానమని ఆనాడు వ్రాసినవారు వ్రాసిరి. ఓటర్లలో ముగ్గురికి ఒకరు చొప్పున ఆ పక్షము వెంట నడచినారను సంగతి సభలోని ఆసనములను చూచినవానికి కనబడలేదు. కనబడు మార్గమును లేదు.

దీనిని గడచిపోయిన కాలపు వింతగా త్రోసివేయుటకు వీలులేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1994లో కాంగ్రెసునకు సుమారు 34 శాతము ఓట్లు రాగా, 294 స్థానముల సభలో మిగిలినవి 26. అదే కాంగ్రెసు 2009లో 36 శాతమును కొంచెము మించిన ఓట్లతో 156 స్థానములు గెలిచి ప్రభుత్వమును నిలుపుకొనెను. రెండు మూడు శాతముల అంతరము నూటముప్పది స్థానముల అంతరమైనది. నడుమ జరిగినదేమనగా, 1994లో ఎదుట తెలుగుదేశము, వామపక్షములు ఒక్కటిగా నిలువగా, 2009లో ప్రజారాజ్యము క్రొత్తగా వచ్చి నూటికి 16 ఓట్లు చీల్చుకొనిపోయినది. ఆ 16 శాతమునకును ఆ పక్షమునకు దొరికినవి పదునెనిమిది స్థానములు మాత్రమే.

ఇట్టి ఎన్నికలలో ఓట్ల నిష్పత్తిని ఘనము చేసినచో స్థానముల నిష్పత్తి వచ్చునని ఇంగ్లండులో గణకులు ఒక సూత్రము చెప్పిరి. 1950లో కెండాల్, స్టూవర్ట్ అను శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి వ్యాసమును ప్రకటించిరి. నేను ఒక సాయంకాలము కాగితము ముందుంచుకొని మన లెక్కలను ఆ సూత్రమున కెత్తి చూచితిని. 2019లో ఇరుపక్షముల ఓట్లు సుమారు 50, 39. స్థానములు 151, 23. ఘనము చేసిన వచ్చునది రెండింతలు; నిజముగా వచ్చినది ఆరున్నర యింతలు. 2024లో కూటమి ఓట్లు సుమారు 55, ఎదుటి పక్షపువి 39. స్థానములు 164, 11. రెండు పర్యాయములును ఘనము చాలలేదు; ఎనిమిదవ ఘాతమునకు చేరువైన గాని లెక్క కుదురలేదు. ఆంగ్లేయుల అద్దము ముఖమును కొంత పెద్దదిగా చూపును. మన అద్దములో ముఖమునకు మారుగా నుదురొక్కటే కనబడుచున్నది.

ఏల యిట్లయినది? ఓటు రాష్ట్రమంతటను సమముగా పరచుకొనిన పక్షమునకు ఈ పద్ధతి పరమ నిర్దయమైనది; ఒకచోట కుప్పపోసినట్లున్న పక్షమునకు పరమ దయాళువు. 2023లో తెలంగాణమున భారతీయ జనతాపార్టీ నూటికి సుమారు 14 ఓట్లతో 8 స్థానములు పొందగా, హైదరాబాదు పాతబస్తీని పట్టుకొని యున్న మజ్లిస్ నూటికి రెండు పైచిల్లర ఓట్లతో 7 స్థానములు నిలుపుకొనెను. 2019లో జనసేన రాష్ట్రమంతట నూటికి అయిదున్నర ఓట్లు వెదజల్లుకొని రాజోలు ఒక్కటి గెలిచెను. ఇక ఆంధ్రప్రదేశమున రెండు ప్రధాన పక్షముల బలము శ్రీకాకుళమునుండి చిత్తూరు వరకు ఇంచుమించు ఒకే మందమున పరచిన జంపఖానా వంటిది. ఒకే భాష, ఒకే సంక్షేమ పథకముల జాబితా, ఒకే ఇరువురు నాయకుల ముఖములు. గాలి వీచెనా, జిల్లాకొక తీరుగా వీచదు. నూటికి అయిదుగురు మనసు మార్చుకొనినచో ఆ అయిదుగురును ప్రతి నియోజకవర్గమునను ఉందురు. మరునాటి పత్రికలో రాష్ట్రపటము నంతటిని ఒకే రంగు పులిమి అచ్చువేయుదురు. ఆ రంగు క్రిందనున్న ప్రతి యూరిలోను పదిమందిలో నలుగురు వేరు రంగువారను సంగతిని చూపు పటమును నేనింతవరకు చూడలేదు.

ఇందువలన ఓడినవారికి జరిగిన అన్యాయముకంటె సభకు జరిగిన నష్టమే పెద్దదని నా మతము. రాజకీయ పక్షములు ఓడును, గెలుచును. వానిపై నాకు ప్రత్యేకమైన జాలి లేదు. కాని శాసనసభ యనునది బడ్జెటును పద్దుపద్దుగా ప్రశ్నించుటకు ఏర్పడిన చోటు. రాజ్యాంగములోని 189వ అధికరణము ప్రకారము సభ జరుగుటకు సభ్యులలో పదవవంతు, ఆ వంతు పదికి తక్కువైనచో పదిమంది, ఉండవలెను; ఆ పదవవంతునే కొలబద్దగా తీసికొని, ప్రతిపక్షముగా గుర్తింపబడుటకు అంత బలముండవలెనని లోక్‌సభ తొలి స్పీకరు మావలంకర్ నెలకొల్పిన సంప్రదాయము నేటికిని నడచుచున్నది. 175 మంది సభలో ఆ కొల 18, ఉన్నవారు 11. ప్రతిపక్షనాయకుని హోదా లభింపలేదు. సంప్రదాయముగా ప్రతిపక్షమునకు చెందు ప్రజాపద్దుల సంఘపు అధ్యక్షత 2024లో పాలక కూటమిలోని పక్షమునకే చేరినది. హోదా లేదని ఆ పదునొకండుగురు సభకు రామనుట సబబా యన్నది వేరే ప్రశ్న. అది సబబు కాదనియే నా యభిప్రాయము. అయినను ప్రభుత్వపు లెక్కలను ప్రభుత్వపక్షమువారే తనిఖీ చేయు స్థితిని ఆ 39 మంది ఓటర్లుగాని, కూటమికి ఓటు వేసిన 55 మందిగాని కోరి ఓటు వేసినారని ఎవడు చెప్పగలడు?

చిన్న ప్రతిపక్షమునకు మరియొక యాపద కలదు: దానిని మ్రింగుట సులభము. 2018లో తెలంగాణమున 19 మందితో గెలిచిన కాంగ్రెసులో ఒకరు లోక్‌సభకు వెళ్ళగా మిగిలినవారు 18. అందు మూడింట రెండువంతులనగా పన్నిద్దరు. 2019లో సరిగా ఆ పన్నిద్దరును పాలకపక్షములో ‘విలీన’మైరి. ఫిరాయింపుల నిషేధమునకై 1985లో వచ్చిన పదవ షెడ్యూలు పెద్ద గోడయే. కాని పొట్టిమందకు ఆ గోడలోని గవిని సరిపోవునంత వెడల్పుగానే యున్నది.

మన రాజ్యాంగకర్తలు దీనినెరుగరని తలంచుట పొరపాటు. దామాషా ప్రాతినిధ్యమును కోరుచు రాజ్యాంగసభలో సవరణలు వచ్చినవి. అక్షరాస్యత లేని దేశమున ఆ పద్ధతి నడువదనియు, ప్రభుత్వములకు నిలకడ యుండదనియు అంబేద్కరు వానిని త్రోసిపుచ్చెను. నాడు దేశమున చదువనేర్చినవారు నూటికి 18 మంది. ఆ వాదము బలమైనదే. ఒక్క సభ్యుని నియోజకవర్గమే అనాదియనుకొనుటయు సరికాదు. 1955 నాటి 196 స్థానములు 167 నియోజకవర్గములలో ఇమిడినవి; వానిలో 29 ఇద్దరేసి సభ్యులవి, ఒకటి సామాన్యమునకు, ఒకటి షెడ్యూల్డు కులములకో తెగలకో. ఆ పద్ధతికిని దాని చమత్కారములు లేకపోలేదు: 1957లో పార్వతీపురము లోక్‌సభ స్థానమున తెగలకు చెందిన ఇరువురు అభ్యర్థులకే అధికముగా ఓట్లు రాగా, రెండవవారైన సూరిదొర సామాన్య స్థానమును గెలిచెను, అనంతరకాలమున రాష్ట్రపతియైన వి.వి. గిరి కొలది వందల ఓట్ల తేడాతో ఓడెను. గిరిగారు సుప్రీంకోర్టు వరకు వెళ్ళిరి. కోర్టు సూరిదొర పక్షముననే తీర్పు చెప్పెను. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గములనే రద్దు చేసినది. అనగా, అవసరమని తోచినపుడు మనము ఈ యంత్రమును విప్పి బిగించినవారమే.

మరల విప్పు సమయము వచ్చుచున్నది. 2014 నాటి పునర్విభజన చట్టపు 26వ విభాగము ఆంధ్రప్రదేశ్ స్థానములను 175నుండి 225కును, తెలంగాణ స్థానములను 119నుండి 153కును పెంచుమని చెప్పినది. కాని రాజ్యాంగపు 170వ అధికరణము 2026 తరువాతి తొలి జనగణన వరకు తలుపు మూసియుంచినది. 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడ ఆ తలుపును తెరువ నిరాకరించినది. ఆ జనగణన 2027లో జరుగనున్నది. అటుపై ఏ మండలము ఏ నియోజకవర్గమున పడునో, ఎవరి కోట ఎవరి పొలిమేరకు జరుగునో యని రెండు రాష్ట్రములలోను ఇప్పటికే గుసగుసలు బయలుదేరినవి. నేను కోరునది వేరు. ఆ క్రొత్త 50 స్థానములను, ఆ క్రొత్త 34 స్థానములను గీతలు గీసి పంచనే వద్దు. రాష్ట్రమంతటికిని కలిపి పక్షములకు వచ్చిన ఓట్ల దామాషాను బట్టి, ముందుగా ప్రకటించిన జాబితాలనుండి నింపవలెను. లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో సభల స్థానములను నాలుగవవంతు పెంచి ఆ పెంపును ఇట్లే నింపుమని సూచించెను. మనకు రానున్న పెంపు ఆ నాలుగవవంతును కొంచెము మించియే యున్నది.

2024 లెక్కను ఈ మూసలో పోసి చూతము. 50లో 39 శాతపు వంతు 20. ప్రతిపక్షమునకు 225లో 31 స్థానములు, పదవవంతు దాటినది. కూటమికి 190కి తగ్గని బలము. దాని ప్రభుత్వమునకు వెండ్రుకవాసి చలనము లేదు. 2019లో తెలుగుదేశము 23కు మారుగా 43తో కూర్చుండెడిది. తెలంగాణపు లెక్క మాత్రము ఇంత నిశ్చింతగా రాలేదని ఒప్పుకొనవలెను: 2023లో కాంగ్రెసునకు 64కు తోడు 13 చేరి 77 అగును; 153 మంది సభలో అది సరిగా మెజారిటీ గీత. అంబేద్కరు శంకించిన అస్థిరత అచ్చట తలయెత్తి చూచుచున్నది. నూటికి 39 ఓట్ల ప్రభుత్వము కొంత జాగ్రత్తగా నడచుకొనుట దోషమా యని నేను అడుగవచ్చును. కాని ఆ జాగ్రత్త అనతికాలములో బేరసారములగునని చెప్పువారిని మూర్ఖులనలేను.

దీనికంటె గట్టి ఆక్షేపణ జాబితాలను గూర్చినది. జాబితా వ్రాయు కలము పక్షనాయకుని చేతిలో నుండును. జనమునకు ముఖము చూపనక్కరలేని కాంట్రాక్టరులు, చుట్టములు, ఓడిపోయిన పెద్దలు ఆ దొడ్డిదారిన వత్తురు. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక యూడినట్లగును. ఇది ఉట్టి భయము కాదు. కాని నేడు ముందువాకిలి టిక్కెట్టు నిచ్చుచున్నది కూడ ఆ కలమే గదా. నియోజకవర్గమున పోటీ చేసినవానికి జాబితాలో చోటుండరాదనియు, వరుసక్రమము నామినేషన్లనాడే ప్రకటితము కావలెననియు, స్త్రీల పేర్లును షెడ్యూల్డు కులములు, తెగలవారి పేర్లును ఎన్నవ చోట నుండవలెనో చట్టమే చెప్పవలెననియు నిర్బంధింపవచ్చును.

దీనికై 170వ అధికరణములో, సభ్యులందరును ప్రాదేశిక నియోజకవర్గములనుండియే ఎన్నిక కావలెనను మాటను సవరింపవలెను. పార్లమెంటులో మూడింట రెండువంతుల ఆమోదము చాలును, రాష్ట్రముల సమ్మతి యక్కరలేదు. పార్లమెంటున ఈ మాట ఎత్తవలసిన మన పక్షములలో 23తో మిగిలినది ఒకటి, 11తో మిగిలినది ఒకటి. రెండును ఈ పద్ధతిచేత కాలినవే, రెండును మరుసటి గాలి తమవైపు వీచునని నమ్మి ఊరకున్నవే. విచిత్రమేమనగా, దామాషా పద్ధతి మన శాసనసభ్యులకు తెలియనిది కాదు. రాజ్యసభకును, శాసనమండలిలోని తమ కోటాకును ఎన్నిక వచ్చిననాడు వారు సభాప్రాంగణమున వరుసగా నిలిచి, కాగితముపై పేర్లకు ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యమును వ్రాసి వత్తురు. లెక్కింపులో ఒక్క ఓటును వృథాపోక, మిగిలిన విలువ తరువాతి పేరునకు బదిలీయగును. ఆ సాయంత్రము వారు తమ నియోజకవర్గమునకు తిరిగి వెళ్ళుదురు. అచ్చట బూతులోని యంత్రముపై ఒక్కటే మీట.