గింజ ఒక్కటే, నేల వేరు
పదును | వారం వారం | రేగడి

విడపనకల్లులో పప్పుశనగ వేసే రైతును, ఆ గింజల్ని గరుసు నేలలో ఎందుకు వెయ్యవని అడిగితే ఎగాదిగా చూస్తాడు. వానలు వెనకబట్టాక నల్లరేగడి తన కడుపులో దాచుకున్న పదునే ఆ పంటకు ఆధారం. పక్క చేలో అదే గింజను అదే గొర్రుతో వేసినా కాయ పట్టదు. లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లో లాన్సెట్ పత్రికలో క్యాన్సర్ గురించి రాసింది కూడా అచ్చం ఈ సేద్యం లెక్కే. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు ముందేసుకుని చూశాడాయన. కణాలు ఒళ్లంతా చల్లుకుపోయినా, కుదిరిన అవయవంలోనే మొలుస్తున్నాయని తేల్చాడు.

పెద్దపేగు క్యాన్సర్‌కు బాగా కుదిరిన నేల కాలేయం. దారి కూడా అటే. ఊరి వంకలన్నీ చెరువులో పడ్డట్టు, పేగుల్లోంచి వచ్చే రక్తం పోర్టల్ సిర గుండా ముందు కాలేయంలోకే పోతుంది. అయితే దారి ఉన్నంత మాత్రాన గింజ మొలవదు. కాలేయంలో రోగనిరోధక కణాలు కావలి కాస్తూనే ఉంటాయి. వాటి కళ్లు గప్పి గడ్డ ఎట్లా పెరుగుతోంది?

ఈ ప్రశ్న పట్టుకుని తిరుగుతున్న సర్జన్లలో వేణు పిల్లారిశెట్టి ఒకరు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కాలేయం, క్లోమం క్యాన్సర్లకు ఆపరేషన్లు చేస్తారు. ఇంటిపేరు చూడగానే తెలుగువాళ్లకు చుట్టరికం గుర్తొస్తుంది కానీ, అసలు చెప్పుకోవలసింది ఆయన పని గురించి. న్యూయార్క్‌లో సర్జన్ రొనాల్డ్ డిమాటియో దగ్గర పరిశోధన చేస్తున్నప్పుడు, 2004లో ఆ బృందం ఒక సంగతి బయటపెట్టింది. చొరబాటుదారుల ఆనవాళ్లు పట్టి మిగతా కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాలు ప్లీహంలో ఉన్నంత చురుగ్గా కాలేయంలో ఉండవు. అందుకు కారణం ఊహించలేనిదేం కాదు. తిన్నదాని సారం చాలామటుకు కాలేయం మీదుగానే పోవాలి. కనబడినదానిమీదల్లా విరుచుకుపడితే ఒళ్లు నిలవదు. గడ్డకు పనికొస్తున్నది ఆ ఓర్పే.

తర్వాత సియాటిల్‌లో ఆయన బృందం పట్టిన పద్ధతి నాకు భలే నచ్చింది. ఆపరేషన్‌లో తీసిన గడ్డను పావు మిల్లీమీటరు మందాన ముక్కలుగా తరిగి, కొన్ని రోజులపాటు ప్రయోగశాలలో బతికిస్తారు. ఎలుకలో పెంచిన గడ్డ కాదది. మనిషి గడ్డ, దాన్ని చుట్టుకున్న ఆ మనిషి సొంత రోగనిరోధక కణాలతో సహా. మందు వేస్తే ఆ ముక్కలోనే ఏం జరుగుతుందో చూడొచ్చు. 2022లో గట్ పత్రికలో వచ్చిన వారి వ్యాసం ఇంటర్‌ల్యూకిన్-10 గురించి. రోగనిరోధక కణాలను నెమ్మదించమని చెప్పే సంకేతం అది. ఆ సంకేతం లేకుండా పుట్టించిన ఎలుకల పేగులు వాచిపోతాయని 1993లోనే తెలుసు. అంటే పేగుకు అది మేలే. పేగు నుంచి కాలేయానికి పాకిన గడ్డ ముక్కల్లో దాన్ని అడ్డుకునేసరికి, మందకొడిగా పడి ఉన్న టీ కణాలనే రోగనిరోధక కణాలు కదిలి క్యాన్సర్ కణాలను చంపడం మొదలుపెట్టాయి. ముక్కలో పనిచేసిందల్లా మనిషిలో పనిచేస్తుందని కాదు. ఆ దూరం చాలా పెద్దది.

ఈ జబ్బుకు తెలుగువాడి చేయి తగలడం ఇదే మొదలు కాదు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఎక్కించే ఫైవ్-ఎఫ్‌యూ మందుకు తోడుగా ఇచ్చే ఫోలినిక్ ఆమ్లం, ఫోలిక్ ఆమ్లం రూపాంతరం. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందమే.

కాలేయానికి పాకితే అంతా అయిపోయినట్టే అనుకునే రోజులు పోయాయి. ఆపరేషన్‌కు వీలున్నవాళ్లలో నూటికి 40 మంది దాకా ఐదేళ్లు దాటుతున్నారు. కోసిన కాలేయం మళ్లీ పెరుగుతుంది. చిక్కంతా ఆ ‘వీలున్నవాళ్లు’ అన్న మాట దగ్గరే. విడపనకల్లు మనిషికి జబ్బు చేస్తే ముందు బళ్లారి, గుంతకల్లు గుర్తొస్తాయి. అదీ బాగా ముదిరాక. విరేచనంలో రక్తం పడితే ‘మొలలు’ అనుకుంటారు. నెలల తరబడి ఆకు మందు, ఆ తర్వాత లేపనం. సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పరు. శనగ కోతలు కానీ, మిరపకాయలు అమ్ముడుపోనీ అని వాయిదా వేస్తారు.

జాతీయ కార్యక్రమం కింద ముప్పై దాటినవాళ్లకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలున్నాయి. పేగు ఆ జాబితాలో లేదు. పాశ్చాత్య దేశాలంత ఎక్కువగా ఈ జబ్బు మన దగ్గర లేదు కాబట్టి అందరికీ పరీక్ష దండగన్న వాదన ఉంది. అందులో కొంత నిజమూ ఉంది. కానీ రక్తం పడుతోందని నోరు తెరిచి చెప్పినవాళ్ల మాటేమిటి? 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా కొత్తగా 70 వేల మందికి ఈ జబ్బు వస్తోంది. మన దగ్గర పురీషనాళం క్యాన్సర్లే ఎక్కువ, చిన్న వయసువాళ్లూ తక్కువేం కాదు. కింది భాగంలో ఉన్న గడ్డ చాలాసార్లు గ్లవ్ తొడిగిన వేలికే తగులుతుంది. బల్లమీద పక్కకు పడుకోబెట్టి రెండు నిమిషాలు చూస్తే చాలు. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకుని మొలల మాత్రలు రాసి పంపడం పల్లెల్లోనే కాదు, పట్నాల్లోనూ మామూలే.