ఇటలీ చదువుకు ముందు ఇటలీ భాష

మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో పిల్లల్ని చదువుకు పైదేశం పంపడం ఇప్పుడు వింత కాదు. ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడ్డ ఈ నేలలో తోటలు పోయి వెంచర్లు వచ్చాయి. అమ్మిన ఎకరం డబ్బులో కొంత ఇంటికి, కొంత ఆడపిల్ల పెళ్ళికి పోగా, మిగిలింది కొడుకు చదువుకో కూతురి చదువుకో తీస్తున్నారు. భూమి లేనివారు బ్యాంకు అప్పుకు సంతకం పెడుతున్నారు. అమెరికా ఖర్చు మోయలేని కుటుంబాలు కొన్ని, ఫీజు తక్కువని విని, ఇటలీ వైపు చూస్తున్నాయి. అలా చూడడంలో తప్పేమీ లేదు. అయితే ఫీజు ఎంత, విమానం టిక్కెట్టు ఎంత, వీసా ఎన్నాళ్ళకు వస్తుంది అని అడిగే తల్లిదండ్రులు, అక్కడ ఏ భాషలో బతకాలి అని మాత్రం అడగడం లేదు.

అడిగినా కన్సల్టెన్సీవారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "కోర్సు ఇంగ్లీషులోనే, ఇటాలియన్‌తో పని లేదు" అంటారు. ఇందులో సగమే నిజం. మిలాన్, తూరిన్, పాదువా, బొలోన్యా, రోము నగరాల విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషులో చెప్పే కోర్సులు చాలానే ఉన్నాయి. కాని పాఠం రోజుకు నాలుగైదు గంటలు. తక్కిన పొద్దంతా గది అద్దె, పోస్టాఫీసు, పోలీసు కార్యాలయం, మందుల దుకాణం, కూరగాయల సంత. అక్కడ నడిచేది ఇటాలియన్ ఒక్కటే. ఫీజు తక్కువని ఇటలీకి పంపి, భాష నేర్పకుండా పంపడం, బావి తవ్వించి మోటారు పెట్టించకపోవడం లాంటిది.

ఫీజు తగ్గేది కూడా ఊరికే తగ్గదు. ఇటలీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ఫీజు కుటుంబం ఆదాయాన్ని బట్టి ఉంటుంది. పేద, మధ్యతరగతి పిల్లలకు అక్కడి ప్రాంతీయ ప్రభుత్వాలు విద్యార్థి వేతనం, హాస్టల్లో చోటు, చవుక భోజనం ఇస్తాయి. విదేశీ విద్యార్థులూ అర్హులే. ఇది మెచ్చుకోదగ్గ ఏర్పాటు. కాని ఇందుకు కుటుంబ సభ్యుల వివరం, ఏడాది ఆదాయం, ఇల్లూ బ్యాంకు నిల్వల లెక్క, అన్నీ సర్కారు ముద్రతో తీసుకుని, ఇటాలియన్‌లోకి అనువాదం చేయించి దాఖలు చేయాలి. ఇంటి వైశాల్యం వారు చదరపు మీటర్లలో అడుగుతారు. ఇక్కడి కాగితాల్లో ఉండేది గజాలు. రెండు వందల గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. గజాన్ని మీటరుగా రాసిన కాగితం వెళితే ఇల్లు పెరిగి, ఆస్తి పెరిగి, వేతనం తగ్గుతుంది. అనువాదంలో ఏం రాశారో చదువుకోలేని విద్యార్థి ఆ తప్పును ఎలా పట్టుకుంటాడు?

వేతనం వచ్చాక కూడా షరతులుంటాయి. మొదటి సంవత్సరంలో నిర్ణయించిన గడువుకు కావలసినన్ని క్రెడిట్లు రాకపోతే వేతనం రద్దవుతుంది, అందుకున్న సొమ్ము తిరిగి కట్టాలి. ఊరు కాని ఊరు వచ్చి అద్దెకు ఉంటున్నవారికి వేతనం ఎక్కువ. కాని దానికి కనీసం పది నెలల అద్దె ఒప్పందం చూపించాలి. నోటిమాట అద్దె చెల్లదు. ఇంటి యజమాని ఇచ్చిన ఒప్పందాన్ని చదవకుండా సంతకం పెట్టడం ఎంత ప్రమాదమో, రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కిన ఈ ప్రాంతపు రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

దిగిన వారం

ఇటలీలో దిగిన విద్యార్థి ఎనిమిది పనిదినాల లోపల నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. దానిని అక్కడ 'పెర్మెస్సో ది సొజ్జోర్నో' అంటారు. పోస్టాఫీసులో ఒక కవరు తీసుకుని, అందులోని ఫారాలు నింపి, 16 యూరోల స్టాంపు అంటించి ఇవ్వాలి. ఆ స్టాంపు అమ్మేది పొగాకు దుకాణంలో! ఎవరైనా చెబితే తప్ప కొత్తవాడికి తోచే సంగతి కాదు. తరువాత వేలిముద్రలకు 'క్వెస్తూరా' అనే పోలీసు కార్యాలయం పిలుస్తుంది. పన్ను సంఖ్య తీసుకోవాలి, ఆరోగ్య బీమా కట్టాలి, బ్యాంకు ఖాతా తెరవాలి. ఇవన్నీ మొదటి కొద్ది వారాల్లోనే మీద పడతాయి.

"అక్కడికి పోయాక అదే వస్తుంది" అనేవారికి ఇదే జవాబు. పోయాక వచ్చే మాట నిజమే. చాలా విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థులకు ఇటాలియన్ తరగతులు కూడా నడుపుతాయి. కాని భాషతో అవసరం ఎక్కువగా ఉండేది మొదటి మూడు నెలల్లో, అది వచ్చేది ఆ తరువాత. ఆ మధ్య కాలంలో ప్రతి పనికీ ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. బతిమాలినవారిలో మంచివారు దొరికితే అదృష్టం, దళారి దొరికితే డబ్బు వదులుతుంది.

2020 మార్చి 9న కరోనా కారణంగా ఇటలీ దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. గడప దాటాలంటే ఎందుకు దాటుతున్నదీ తెలిపే స్వీయ ప్రకటన పత్రం చేతిలో ఉండాలి. ఆ పత్రమూ, దాని నియమాలూ ఇటాలియన్‌లో వచ్చాయి, పైగా తరచు మారాయి. ఆ నెల 15న మిలాన్ నుంచి 218 మంది భారతీయులను విమానంలో ఢిల్లీకి తెచ్చారు. వారిలో 211 మంది విద్యార్థులే. అలాంటి ఆపద మళ్ళీ రాకూడదనే అందరి కోరిక. కాని జ్వరం రావడానికి, కాలు విరగడానికి మహమ్మారి అక్కరలేదు కదా. నొప్పి ఎక్కడో డాక్టరుకు చెప్పుకునే పాటి మాటలైనా వెళ్ళే పిల్ల నోట ఉండాలి.

ఇక ఉద్యోగం సంగతి. విద్యార్థి అనుమతి మీద వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటలు మించకుండా పని చేసుకోవచ్చు. హోటల్లో బల్ల దగ్గరికి వెళ్ళి ఏం కావాలని అడగగలిగినవాడికి ఒక పని, అడగలేనివాడికి గిన్నెలు కడిగే పని. 2023 నవంబరు 2న రోములో భారత, ఇటలీ ప్రభుత్వాలు వలసలు, రాకపోకలపై ఒప్పందం చేసుకున్నాయి. చదువు పూర్తయిన భారతీయ విద్యార్థులు వృత్తి అనుభవం కోసం 12 నెలల వరకు అక్కడ ఉండడానికి అందులో వీలు కల్పించారు. బ్యాంకు అప్పు తీరేదీ తీరనిదీ ఈ 12 నెలల్లోనే తేలుతుంది. కంపెనీల్లో పనివారితో, గుమాస్తాలతో మాట్లాడలేని ఇంజనీరుకు ఆ ఏడాది ఉద్యోగం వెతకడంతోనే సరిపోతుంది. ఇంగ్లీషులో వైద్యం చదవబోయేవారి పరిస్థితి మరీ చిక్కు. పాఠం ఇంగ్లీషులో ఉన్నా, మంచం మీది రోగి ఇంగ్లీషు మాట్లాడడు.

ఇంగ్లీషు ఒక్కటుంటే చాలనే నమ్మకం ఇటలీలోనే కోర్టుకెక్కింది. మిలాన్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం 2014 నుంచి పీజీ, డాక్టరేటు కోర్సులన్నీ ఇంగ్లీషులోనే నడపాలని 2012లో తీర్మానించింది. అక్కడి ఆచార్యులే ఎదురు తిరిగారు. వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఇంగ్లీషులో కోర్సులు పెట్టుకోవచ్చు గాని దేశభాషను పూర్తిగా పక్కకు నెట్టరాదని 2017లో తీర్పు వచ్చింది. తమ భాషను అంత గట్టిగా పట్టుకున్న దేశానికి, ఆ భాషలో నాలుగు ముక్కలు లేకుండా వెళ్ళడం మర్యాద కూడా కాదు.

తెలుగు నోటికి తేలిక

మరొక సంగతి కన్సల్టెన్సీలు చెప్పవు, బహుశా వారికి తెలియదు. ఇటాలియన్ నేర్చుకోవడంలో తెలుగు పిల్లలకు ఇంగ్లీషు పిల్లల కంటె సౌలభ్యం ఎక్కువ. పదిహేనో శతాబ్దంలో వెనిస్ నుంచి వచ్చిన యాత్రికుడు నికొలో దె కోంతి తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అన్నాడని పాఠాల్లో చెప్పుకుంటారు. ఆయన ఆ మాట అన్నాడో లేదో పండితులు వాదించుకోనీ. రెండు భాషల్లోనూ మాటలు చాలావరకు అచ్చుతో ముగిసే మాట మాత్రం చెవి ఉన్న ఎవరికైనా తెలుస్తుంది.

పోలిక అంతటితో ఆగదు. వారి త, ద అక్షరాలు తెలుగు త, దలే. వారు తమ దేశాన్ని 'ఇతాలియా' అంటారు, ఇంగ్లీషు ట అందులో లేదు. రాసినట్టే చదువుతారు, చదివినట్టే రాస్తారు. ఇంగ్లీషు స్పెల్లింగుల బాధ పడ్డవారికి ఇది ఎంత హాయో చెప్పనక్కరలేదు. ఒత్తు పెడితే అర్థం మారడం తెలుగులో ఉన్నట్టే అక్కడా ఉన్నది. కల వేరు, కల్ల వేరు. అలాగే వారికి 'పాల' అంటే పార, 'పల్ల' అంటే బంతి. 'అన్నో' అంటే ఏడాది. ఒత్తు తీసి పలికితే నలుగురిలో అనకూడని మాట అవుతుంది. ఇంగ్లీషువారు అక్కడే నవ్వులపాలవుతుంటారు. ఒత్తులతో పుట్టి పెరిగిన తెలుగువారికి ఆ భయం తక్కువ.

పెద్దవారిని మీరు అనడం, సాటివారిని నువ్వు అనడం ఇంగ్లీషులో లేదు. ఇటాలియన్‌లో ఉన్నది. 'తు' అంటే నువ్వు, 'లేయి' అంటే మీరు. ఆఫీసులో గుమాస్తాను 'తు' అంటే ఏమవుతుందో శామీర్‌పేట పిల్లలకు వేరే నేర్పాలా? క్రియలూ అంతే. మాట్లాడతాను అంటే చాలు, నేను అని చెప్పకపోయినా తెలుస్తుంది. 'పార్లో' అంటే మాట్లాడతాను, 'పార్లి' అంటే మాట్లాడతావు, 'పార్ల' అంటే మాట్లాడతాడు. కష్టమున్నది లింగాల దగ్గర. వారికి బల్ల పురుషుడు, కుర్చీ స్త్రీ. ఎందుకని అడిగితే జవాబు లేదు, బట్టీ పట్టవలసిందే.

నేర్చుకునే చోటు దూరంలో లేదు. తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఇటాలియన్ శాఖ ఉన్నది. కాని కండ్లకోయలో సాయంత్రం దాకా కాలేజీలో ఉండే విద్యార్థి, తుర్కపల్లి కంపెనీలో షిఫ్టు చేసే యువతి వారంలో నాలుగు రోజులు తార్నాక వెళ్ళి రాలేరు. మేడ్చల్ దారి పొడుగునా ఇంజనీరింగు కాలేజీలున్నాయి. శామీర్‌పేటలో నల్సార్ ఉన్నది, పక్కనే బిట్స్ ఉన్నది. ఇంతటి విద్యాసంస్థల నడుమ బయటి పిల్లలకు సాయంత్రం గంటసేపు ఇటాలియన్ చెప్పే ఒక గది ఏర్పాటు కావడం అసాధ్యమేమీ కాదు. తార్నాకలో చదివినవారిని వారానికి మూడు రోజులు రప్పిస్తే చాలు. విదేశీ ఉద్యోగాలకు వెళ్ళే నర్సులకు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్, జపాన్ భాషలు నేర్పిస్తున్నది. ఉద్యోగానికి వెళ్ళేవారికి భాష అవసరమని గుర్తించిన ప్రభుత్వం, చదువుకు వెళ్ళేవారి విషయంలో ఎందుకు ఆలోచించదో జిల్లా అధికారులు చెప్పాలి.

ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్, ఫూలే విదేశీ విద్యానిధులను నమ్ముకుని ఇటలీ అనుకునేవారు, ఆ సంవత్సరపు ప్రకటనలో ఏ దేశాల పేర్లున్నాయో ముందుగా చదువుకోవాలి. అన్ని దేశాలకూ ఆ నిధి వర్తించదు. సీటు తెచ్చుకున్నాక ఈ సంగతి తెలిస్తే అప్పుకు పరుగెత్తడమే మిగులుతుంది.

అక్కడ తరగతులు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మొదలవుతాయి. వచ్చే సెప్టెంబరుకు పంపదలచిన తల్లిదండ్రులు పిల్లల్ని సంక్రాంతికి కూర్చోబెడితే చేతిలో ఎనిమిది నెలలుంటాయి. రోజుకు గంట చొప్పున చదివినా ఫారం నింపడానికి, అద్దె అడగడానికి, డాక్టరుకు నొప్పి చెప్పడానికి సరిపడే భాష వస్తుంది. బ్యాంకు అప్పు కాగితాలు అయ్యేదాకా ఆగవలసిన పని లేదు.